చివరి వంతు ఎప్పుడూ ఒకరిదేనా?

విద్యార్థులారా! పందెం అయిపోగానే "ఎవరు గెలిచారు?" అని అందరూ అడుగుతారు. "ఆ పందెం ఎన్ని గంటలకు జరిగింది? దానికి ముందు అదే బాట మీద ఎవరు పరుగెత్తారు?" అని అడిగేవాళ్లు బహు కొద్దిమంది. ఈ రెండో ప్రశ్న మొదటి ప్రశ్నకు ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. మీరూ ఆలోచించి, నచ్చితే ఒప్పుకోండి.

క్రికెట్టు చూసేవారికి ఈ సంగతి కొంత తెలుసు. పొద్దున పిచ్‌లో తేమ ఉంటే బంతి అటూ ఇటూ కదిలి బ్యాటుపట్టినవాడిని తిప్పలు పెడుతుంది. రాత్రి మంచు పడితే తడిసిన బంతి స్పిన్నరు వేళ్ల మధ్య నిలవదు. ముందు ఆడాలా, తరువాత ఆడాలా అన్నది అంత ముఖ్యం కనుకనే నాణెం ఎగరేస్తారు. అయితే అక్కడ ఉన్నవి రెండే జట్లు. ఒకే బాట మీద, ఒకే రోజున, నాలుగైదు విభాగాలవాళ్లు ఒకరి తరువాత ఒకరు పోటీ పడవలసి వస్తే? వారిలో ముందెవరు, చివరెవరు? ఆ చిక్కు స్పష్టంగా కనిపించే ఆట ఒకటుంది. అదే కార్టు పందెం.

కార్టు కథ

మోటారు వాహనాలలోకెల్లా సాదా వాహనం కార్టు. ఉక్కు గొట్టాలను అతికి చేసిన చట్రం, నాలుగు చిన్న చక్రాలు, ఒక సీటు, పక్కన ఒక చిన్న ఇంజను. అంతే. పైకప్పు లేదు, తలుపులు లేవు, కుదుపులు తగ్గించే స్ప్రింగులు కూడా లేవు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసుకార్ల పనివాడు, లూ బొరెల్లి అనే మిత్రుడి సాయంతో, గడ్డికోత యంత్రపు ఇంజను బిగించి మొదటి కార్టును తయారుచేశాడు. ఆ వినోదం త్వరలోనే దేశదేశాలకూ పాకింది. 1962లో దీనికి అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. 1964లో ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. మోటారు పందేలలో పేరు మోసిన సెనా, షూమాకర్, హామిల్టన్ ముగ్గురూ చిన్నతనంలో కార్టుల మీదనే ఓనమాలు దిద్దుకున్నారు. మన దేశంలో కూడా బెంగళూరు, కోయంబత్తూరు, హైదరాబాదు వంటి చోట్ల కార్టింగ్ బాటలున్నాయి.

ఈ పందేలలో మీకంటే చిన్నపిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా పాల్గొంటారు. అందరినీ కలిపి పరుగెత్తించడం ప్రమాదం, అన్యాయం కూడా. అందుకని వయసును బట్టి, ఇంజను శక్తిని బట్టి విభాగాలు చేస్తారు. ఒక్కో విభాగం రోజు మొత్తంలో రెండు మూడుసార్లు బాట మీదికి వస్తుంది. ముందు ఒకటో రెండో తొలి పందేలు, ఆఖరున తుది పందెం. అన్ని విభాగాలూ ఒకసారి పరుగెత్తడాన్ని మనం ఒక 'విడత' అనుకుందాం. ప్రతి విడతలోనూ ఎవరో ఒకరు ముందుండాలి, ఎవరో ఒకరు చివరుండాలి. ఈ వరుసను ఎవరు నిర్ణయించాలి? ఎలా నిర్ణయించాలి? చాలా చోట్ల "ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం" అన్న మాటే దీనికి జవాబు. మొదట ఎప్పుడో ఒక కాగితం మీద రాసిన వరుస ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోతుంది. చివరున్న విభాగం చివరే ఉండిపోతుంది.

బాట రోజంతా ఒకేలా ఉండదు

"ఉంటే ఏం? బాట అదే, మలుపులు అవే" అంటారేమో. బాట అదే గాని దాని గుణం మారుతుంది. ఎలాగో చూద్దాం.

మొదటి సంగతి రబ్బరు. కార్టు చక్రం వేగంగా మలుపు తిరిగినప్పుడు టైరు అరిగి, ఆ రబ్బరు సన్నని పొరగా తారు మీద అంటుకుంటుంది. పొద్దున్నే బాట మీద దుమ్ము ఉంటుంది, చల్లగా ఉంటుంది, జారుతుంది. పది ఇరవై పరుగులు అయ్యేసరికి మలుపుల దగ్గర నల్లని చార ఏర్పడుతుంది. దాని మీద టైరుకు పట్టు ఎక్కువ. అంటే మొదట వచ్చిన విభాగం బాటను ఊడ్చి, రబ్బరు పూసి పెడుతుంది. తరువాత వచ్చినవాళ్లు దాన్ని అనుభవిస్తారు.

పట్టు ఎక్కువైతే మంచిదేగా అనుకోకండి. ఇక్కడొక తమాషా ఉంది. మామూలు కారులో వెనుక చక్రాలు రెండూ వేరువేరు వేగాలతో తిరగడానికి డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక ఉంటుంది. కార్టులో అది లేదు. వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటాయి. ఇప్పుడు లెక్క వేయండి. రెండు చక్రాల మధ్య దూరం 1.2 మీటర్లు అనుకుందాం. కార్టు అర్ధవృత్తం తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎంత దూరం ఎక్కువ పోవాలి? 1.2ను 3.14తో గుణిస్తే వస్తుంది. సుమారు 3.77 మీటర్లు. రెండూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి కనుక ఈ తేడాను సర్దుకోవాలంటే ఒక చక్రం జారాలి, లేదా నేలను వదలాలి. అందుకే మలుపులో లోపలివైపు వెనుక చక్రం కొద్దిగా పైకి లేచేలా కార్టు చట్రాన్ని తయారుచేస్తారు. పట్టు మరీ తక్కువైతే ఆ చక్రం సరిగా లేవదు, కార్టు జారిపోతుంది. మరీ ఎక్కువైతే లేచిన చక్రం త్వరగా దిగదు, కార్టు తడబడుతుంది, ఇంజను వేగం పడిపోతుంది. బాట పట్టు మారిన ప్రతిసారీ చక్రాల మధ్య ఎడం, టైర్లలో గాలి సరిచూసుకోవలసిందే.

రెండో సంగతి వేడి. ఎండ ఎక్కేకొద్దీ తారు వేడెక్కుతుంది. ఎండాకాలపు మధ్యాహ్నం తారు ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటడం మామూలే. కొంత వేడి వరకు రబ్బరు మెత్తబడి బాగా పట్టుకుంటుంది. ఆ హద్దు దాటితే పట్టు సడలుతుంది, టైరు త్వరగా అరిగిపోతుంది.

మూడో సంగతి గాలి. పీడనం మారకపోతే గాలి సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉంటుందని మీరు చదువుకున్నారు. పొద్దున 25 డిగ్రీలు, అంటే 298 కెల్విన్లు. మధ్యాహ్నం 40 డిగ్రీలు, అంటే 313 కెల్విన్లు. 298ని 313తో భాగిస్తే 0.95 వస్తుంది. అంటే మధ్యాహ్నం ఇంజను పీల్చే ప్రతి గుక్కలోనూ గాలి, దానితోపాటు ఆక్సిజను, నూటికి సుమారు 5 పాళ్లు తక్కువ. ఇంజను శక్తి ఆ మేరకు తగ్గుతుంది. కార్బురేటరు ఉన్న ఇంజనుకు పెట్రోలు పాలు కూడా తగ్గించి సర్దాలి. పొద్దున సర్దిన సర్దుబాటు మధ్యాహ్నానికి పనికిరాదు.

కనుక పొద్దున పరుగెత్తే విభాగం, మిట్టమధ్యాహ్నం పరుగెత్తే విభాగం, సాయంకాలం పరుగెత్తే విభాగం పేరుకు ఒకే బాట మీద ఉన్నా, నిజానికి మూడు వేరువేరు బాటల మీద పరుగెత్తుతున్నట్లే లెక్క.

ఆలస్యం ఎవరి నెత్తిన పడుతుంది?

వీటన్నిటికంటే పెద్దది మరొకటి ఉంది. అది కాలం. నాలుగు విభాగాలు, మూడు విడతలు అనుకుందాం. మొత్తం 12 పందేలు. వాహనాలు బాట మీదికి రావడం, వెళ్లడంతో కలిపి ఒక్కోదానికి 20 నిమిషాలు కేటాయించారనుకుందాం. మొత్తం 4 గంటలు. కాని పందెమన్నాక ఒకడి ఇంజను మొరాయిస్తుంది, ఒకడు మలుపులో బోల్తా పడతాడు, ఒకచోట నూనె ఒలుకుతుంది. ఒక్కో పందెం 4 నిమిషాలు ఆలస్యమైతే చాలు, పన్నెండో పందెం మొదలయ్యేసరికి 44 నిమిషాలు గడిచిపోయి ఉంటాయి. అది ముగిసేసరికి లోటు 48 నిమిషాలు. బాటను ఫలానా గంటకు మూసెయ్యాలని నిబంధన ఉంటే ఏమవుతుంది? చివరి రెండు పందేలు మొత్తం పోతాయి. లేదా "చివరివాళ్లు పది చుట్లకు బదులు ఐదు చుట్లు తిరగండి చాలు" అంటారు.

ఆలస్యం చేసింది పన్నెండు పందేలవాళ్లూ కలిసి. శిక్ష పడింది చివరున్నవాళ్లకు. అదే 48 నిమిషాలను అందరికీ పంచితే ఒక్కొక్కరి వాటాకు 4 నిమిషాలే వస్తుంది. ఎవరికీ నొప్పి తెలియదు.

మన కాలువల కింద చివరి ఆయకట్టు రైతును అడగండి, ఈ లెక్క ఆయన కాగితం లేకుండా చెబుతాడు. ఎగువనున్న ప్రతివాడూ కాస్త కాస్త ఎక్కువ తీసుకున్నా చివరి మడికి నీరందదు.

ఒక గట్టి అభ్యంతరం

మీలో చురుకైనవారు ఈపాటికి ఒక ప్రశ్న వేసి ఉంటారు. "మాస్టారూ, ఒక విభాగంలోని పిల్లలంతా ఒకేసారి పరుగెత్తుతారు కదా. బాట చల్లగా ఉంటే అందరికీ చల్లగానే ఉంటుంది. వేడిగా ఉంటే అందరికీ వేడిగానే. గెలిచేవాడు ఎలాగూ గెలుస్తాడు. ఇక వరుస మారితే ఏం, మారకపోతే ఏం?"

ఇది మంచి ప్రశ్న. దీనిలో సగం నిజముంది. ఒక విభాగంలో వాళ్లలో వాళ్లకు అన్యాయం జరగదన్నది నిజమే. కాని పిల్లలు పోటీకి వచ్చేది కప్పు కోసమే కాదు, నేర్చుకోవడానికి కూడా. ఐదు చుట్లు తిరిగినవాడు పది చుట్లు తిరిగినవాడంత నేర్చుకోలేడు. ఎప్పుడూ పొద్దున్నే పరుగెత్తే విభాగానికి జారే బాటే తెలుస్తుంది. రబ్బరు పట్టిన బాట మీద కార్టును ఎలా నడపాలో తెలియకుండానే వాళ్లు పై విభాగానికి వెళతారు. ప్రవేశ రుసుము అందరూ కట్టారు. కాని ఎప్పుడూ చివరున్నవాళ్లు తక్కువ చుట్లు తిరిగి, చీకటిపడ్డాక, చూసేవాళ్లు వెళ్లిపోయాక, ఆకలితో ఇంటికి పోతారు. అన్యాయం విభాగం లోపల కాదు, విభాగాల మధ్య జరుగుతోంది.

పైగా ఒక విభాగంలో మరీ ఎక్కువమంది ఉంటే వాళ్లనే గుంపులు చెయ్యవలసి వస్తుంది. అప్పుడు ఒక గుంపు చల్లని బాట మీద, మరొక గుంపు రబ్బరు పట్టిన బాట మీద పరుగెత్తితే వాళ్ల సమయాలను పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. అందుకే పెద్ద అంతర్జాతీయ పోటీలలో తొలి పందేలను ప్రతి గుంపూ మిగిలిన ప్రతి గుంపుతోనూ ఒకసారి తలపడేలా అమరుస్తారు. నాలుగు గుంపులైతే ఇలాంటి జతలు ఆరు. కావాలంటే రాసి చూసుకోండి.

చీట్లు వేస్తే చాలదా?

న్యాయం అనగానే మనకు తోచేది చీట్లు. ఎవరి పక్షమూ వహించదు కనుక చీటీ మంచిదే. కాని దానితో రెండు చిక్కులున్నాయి.

మొదటిది, చీట్లను బాగా కలపాలి. 1969 డిసెంబరు 1న అమెరికాలో యువకులను ఏ వరుసలో సైన్యంలోకి పిలవాలో చీట్లతో తేల్చారు. సంవత్సరంలోని 366 తేదీలను 366 చిన్న డొప్పల్లో పెట్టి ఒక్కొక్కటే తీశారు. ఏ తేదీ ముందు వస్తే ఆ రోజున పుట్టినవారికి ముందు పిలుపు. తరువాత గణాంకశాస్త్రం తెలిసినవాళ్లు లెక్క చూస్తే, ఏడాది చివరి నెలల్లో పుట్టినవారికి ముందు వంతులు ఎక్కువగా వచ్చినట్లు తేలింది. నెలల వారీగా పోసిన డొప్పలను సరిగా కలపకపోవడమే కారణం. ప్రాణాలతో ముడిపడిన విషయంలోనే ఇలా జరిగిందంటే, మనం డబ్బాలో వేసి రెండుసార్లు ఆడించే చీట్ల సంగతి చెప్పేదేముంది?

రెండో చిక్కు ఇంకా లోతైనది. చీటీకి జ్ఞాపకం లేదు. మొదటి విడతలో చివరొచ్చిన విభాగానికి రెండో విడతలోనూ చివరే రావచ్చు. నాలుగు విభాగాలున్నప్పుడు ఒక విభాగానికి వరుసగా మూడు విడతల్లోనూ చివరి వంతు రావడానికి సంభావ్యత 1/4ను మూడుసార్లు గుణిస్తే వస్తుంది. అంటే 1/64. నాలుగింటిలో ఏదో ఒకదానికి అలా జరగడానికి 4/64, అంటే 1/16. సగటున పదహారు పోటీ దినాలలో ఒకనాడు ఎవరో ఒకరు రోజంతా చివరే ఉంటారన్నమాట. "నీ అదృష్టం అంతే" అని ఆ పిల్లలకు చెప్పడం సులువు. కాని ఒక పట్టిక రాసుకుంటే తప్పిపోయే దురదృష్టాన్ని వాళ్ల నెత్తిన ఎందుకు పెట్టాలి?

వంతులు తిప్పడం

చీటీ చెయ్యలేని పనిని వంతు చేస్తుంది. పంజాబు, హర్యానాలలో కాలువ నీటిని వారబందీ పద్ధతిలో పంచుతారు. ప్రతి రైతుకూ వారంలో ఫలానా రోజు, ఫలానా గంటలు అని వంతు ఉంటుంది. కొందరికి ఆ వంతు రాత్రిపూట వస్తుంది. చలిలో, చీకటిలో మడి తడపడం కష్టం. అందుకని ఏడాదికొకసారి వంతులన్నిటినీ 12 గంటలు జరుపుతారు. నిరుడు రాత్రి తడిపినవాడు ఈ ఏడు పగలు తడుపుతాడు. ఇందులో అదృష్టం పాలు లేదు. కష్టం ఉన్నది నిజమే, కాని దానిని అందరూ మోస్తున్నారు.

కార్టు పందేలలోనూ ఇలా తిప్పవచ్చు. నాలుగు విభాగాలకు క, చ, ట, త అని పేర్లు పెడదాం. మొదటి విడత క-చ-ట-త. రెండోది చ-ట-త-క. మూడోది ట-త-క-చ. నాలుగోది త-క-చ-ట. నాలుగు విడతల్లో ప్రతి విభాగమూ ఒకసారి మొదట, ఒకసారి రెండోది, ఒకసారి మూడోది, ఒకసారి చివర వచ్చింది.

ఏ వైపుకు తిప్పుతున్నామో కూడా చూసుకోవాలి సుమా! మొదటి విడత క-చ-ట-త అయినాక, చివరున్న 'త'ను ముందుకు తెచ్చి త-క-చ-ట అన్నామనుకోండి. 'త' పిల్లలు ఒక పందెం ముగించి, చెమట తుడుచుకోకముందే మళ్లీ పరుగెత్తాలి. ఇంజను చల్లారదు, పిల్లలు మంచినీళ్లు తాగరు. ముందున్నవాడిని చివరకు పంపితే ఆ బాధ లేదు.

అయినా ఈ పట్టికలో ఒక లోపం మిగిలే ఉంది. జాగ్రత్తగా చూడండి. నాలుగు విడతల్లో మూడుసార్లు 'చ' విభాగం సరిగ్గా 'క' వెనుకనే వచ్చింది. నీ ముందు పరుగెత్తినవాళ్లు వదిలిన రబ్బరు మీదనే నువ్వు పరుగెత్తాలి. వాళ్ల టైర్లు మెత్తనివా, గట్టివా అన్నదాన్ని బట్టి నీ బాట ఉంటుంది. కనుక ఎన్నో వంతు అన్నదే కాదు, ఎవరి తరువాత అన్నది కూడా సమంగా పంచాలి. అది సాధ్యమేనా? సాధ్యమే. ఈ పట్టిక చూడండి.

మొదటి వరుస: క - చ - త - ట
రెండో వరుస: చ - ట - క - త
మూడో వరుస: ట - త - చ - క
నాలుగో వరుస: త - క - ట - చ

ఇందులో ప్రతి విభాగమూ ప్రతి స్థానంలోనూ ఒక్కసారే ఉంది. అంతేకాదు, ప్రతి విభాగమూ మిగిలిన మూడింటిలో ఒక్కొక్కదాని వెనుక సరిగ్గా ఒక్కసారే వచ్చింది. పెన్సిలు తీసుకుని సరిచూడండి.

ఇది కార్టుల కోసం పుట్టిన లెక్క కాదు. ప్రతి అడ్డవరుసలోనూ, ప్రతి నిలువువరుసలోనూ ఒక్కో అక్షరం ఒక్కసారే వచ్చే ఇలాంటి చదరాలను లాటిన్ చదరాలంటారు. గణితవేత్త ఆయిలర్ 1782లోనే వీటి గురించి రాశాడు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయంలో పనిచేసిన ఫిషర్ వీటిని పొలంలోకి తెచ్చాడు. పొలంలో ఒక మూల సారవంతం, ఒక మూల చవుడు. నాలుగు రకాల ఎరువులను పరీక్షించాలంటే ఒకదాన్ని మంచి నేలలో, మరొకదాన్ని చవుడు నేలలో వేస్తే తీర్పు తప్పవుతుంది. కనుక ప్రతి ఎరువూ ప్రతి వరుసలోనూ పడేలా మడులు చేశాడు. ముందున్నవారి ప్రభావం కూడా సమంగా పడే పైన చెప్పిన తరహా చదరాలను తయారుచేసే పద్ధతిని విలియమ్స్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు 1949లో ప్రకటించాడు. ఈ ప్రయోగ రచనా శాస్త్రాన్ని ఎంతో ముందుకు తీసుకుపోయినవారిలో మన సి. ఆర్. రావు ఒకరు. తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో మరణించేవరకు గణాంకశాస్త్రంలో ప్రపంచం తలఎత్తి చూసిన మనిషి ఆయన.

పొలంలో సారం మారినట్లే పోటీ దినంలో గంటలు మారతాయి. మడులకు పనికివచ్చిన చదరం పందేలకు పనికిరాకపోవడానికి కారణం నాకు కనిపించదు.

"నాలుగు వరుసలున్నాయి, రోజుకు విడతలు మూడే కదా?" అంటారా? మరీ మంచిది. మొదటి పోటీనాడు 1, 2, 3 వరుసలు వాడండి. రెండో పోటీనాడు ఆగినచోటు నుంచి 4, 1, 2. మూడోనాడు 3, 4, 1. నాలుగోనాడు 2, 3, 4. ఇప్పుడు ప్రతి పోటీలోనూ ఆఖరు విడత, అంటే తుది పందేలు, ఏ వరుసలో జరిగాయో చూడండి. 3, 2, 1, 4. ప్రతి వరుసా ఒక్కసారి! తుది పందేలలో కూడా చివరి వంతు నలుగురికీ తలా ఒకసారి వచ్చింది. 3కు, 4కు ఒకటి తప్ప సామాన్య భాజకం లేకపోవడమే ఇందులోని కిటుకు.

నా అభిప్రాయం

కనుక పోటీలు నడిపేవారు నాలుగు పనులు చెయ్యాలంటాను. ఏ విభాగం 'క', ఏది 'చ' అన్నది ఏడాది మొదట అందరి ఎదుట చీట్లతో తేల్చాలి. అక్కడితో చీట్ల పని అయిపోయింది. తరువాత ఏడాది మొత్తానికీ వంతుల పట్టిక రాసి, గోడకు అంటించాలి. మూడోది, ప్రతి విడత చివర కొంత ఖాళీ సమయం ఉంచాలి. పందానికి 4 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుందనుకుంటే విడతకు 16 నిమిషాలు. అయినా కాలం చాలకపోతే విడత మొదలుకాకముందే అందరి చుట్లూ సమంగా తగ్గించాలి. చివరివాళ్లవి మాత్రమే తగ్గించకూడదు. నాలుగోది, పట్టిక తప్పవలసి వస్తే కారణం రాసి చెప్పాలి.

అవును, తప్పవలసిన సందర్భాలుంటాయి. మండుటెండలో ఎనిమిదేళ్ల పిల్లలకు మందపాటి దుస్తులు, హెల్మెటు తొడిగి పట్టిక ప్రకారం పరుగెత్తవలసిందే అనడం న్యాయం కాదు, మూర్ఖత్వం. వాళ్లను మధ్యాహ్నం వంతు నుంచి తప్పించాలి. న్యాయం అంటే అందరినీ ఒకే ముద్రతో అచ్చువెయ్యడం కాదు. తేడా చూపిస్తే దానికి పైకి చెప్పగలిగిన కారణం ఉండాలి. "పిల్లల ఆరోగ్యం" అన్నది పైకి చెప్పగలిగిన కారణం. "ఎప్పటినుంచో ఇంతే", "ఆ విభాగంలో పెద్దవారి అబ్బాయి ఉన్నాడు" అన్నవి కావు. ఇక వాన ఎప్పుడొస్తుందో ఏ పట్టికా చెప్పదు. వచ్చినప్పుడు ఎవరి గొంతు పెద్దదైతే వారి మాట చెల్లకుండా ఆపడం మాత్రం పట్టిక చెయ్యగలదు.

ఇది పోటీలు నడిపేవారికి శ్రమ అంటారు కొందరు. నిజమే, మొదటిసారి ఒక పూట శ్రమ. స్థిరమైన వరుస ఉంటే అందరికీ గుర్తుంటుందన్న మాటలోనూ కొంత నిజం ఉంది. కాని గోడ మీద పట్టిక ఉన్నప్పుడు గుర్తుపెట్టుకోవలసిన అవసరమేముంది?

మన బడుల సంగతి

కార్టు మనలో చాలామంది ఎక్కి ఉండరు. కాని వరుస అందరికీ ఉంది. ఆటల పోటీలనాడు ముందు పెద్ద అబ్బాయిల పందేలు, తరువాత చిన్న అబ్బాయిలవి, ఆఖరున అమ్మాయిలవి పెడతారు. పొద్దు వాలుతుంది. బహుమతులివ్వడానికి ముఖ్య అతిథి వచ్చేస్తారు. "అమ్మాయిల 400 మీటర్లు ఈసారికి వదిలేద్దాం" అంటారు. నా ఉద్యోగ జీవితంలో ఈ మాట ఒక్క బడిలో విన్నది కాదు. అమ్మాయిల మీద ఎవరికీ కోపం లేదు. కాగితం మీద వాళ్లు చివరున్నారు, అంతే. కోపం లేకుండా జరిగే అన్యాయాన్ని ఎవరూ గమనించరు కనుక అదే ఎక్కువ కాలం బతుకుతుంది.

ప్రయోగ పరీక్షలో రోలు నంబరు వరుస, విజ్ఞాన ప్రదర్శనలో బల్లల వరుస, వక్తృత్వ పోటీలో పేర్ల వరుస, అన్నిటా ఇదే కథ. చివరి బల్ల దగ్గరికి న్యాయనిర్ణేతలు వచ్చేసరికి వాళ్ల కాళ్లు నొప్పి పుడతాయి, గడియారం వైపు చూస్తారు.

మీకొక పని చెబుతాను. ఈ మూడు నెలలూ మీ బడిలో జరిగే ప్రతి పోటీకి ఏ తరగతి, ఏ జట్టు ఎన్నో వంతున వచ్చిందో ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎవరి పందెం కుదించారో, ఎవరిది రద్దు చేశారో కూడా రాయండి. ఎవరినీ నిందించకండి, లెక్క మాత్రం రాయండి. మూడు నెలల తరువాత ఎవరు ఎన్నిసార్లు చివరున్నారో కూడి, ఆ పట్టికనూ, దాని పక్కన పైన చెప్పిన వంతుల పట్టికనూ మీ ఆటల మాస్టారికి చూపించండి. "మాకు అన్యాయం జరుగుతోంది" అని చెప్పడం కంటే "ఏడు పోటీల్లో ఆరుసార్లు చివర వచ్చాం" అని చూపించడం బలమైన మాట.

ఆఖరున మీ బుర్రకు చిన్న మేత. నాలుగు విభాగాలకు నాలుగు వరుసల్లో కుదిరిన చదరం, మూడు విభాగాలకు మూడు వరుసల్లో కుదురుతుందా? ప్రతి విభాగం ప్రతి స్థానంలో ఒక్కసారే రావాలి, మిగిలిన రెండింటిలో ఒక్కొక్కదాని వెనుక ఒక్కసారే రావాలి. ప్రయత్నించి చూడండి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో, ఆరు వరుసలు తీసుకుంటే ఏమవుతుందో మీ లెక్కల మాస్టారితో చర్చించండి.